ప్రీ వెడ్డింగ్ ఫొటో ఎవరిది?

[తెర మీద: రుషికొండ తీరం, తెల్లవారుజాము. రిఫ్లెక్టర్ పట్టుకున్న కుర్రాడు, గాలికి ఎగురుతున్న కొంగు]

రుషికొండలో కొన్ని, భీమిలిలో కొన్ని, బీచ్ రోడ్డులో గోడబొమ్మ ముందు ఇంకో నాలుగు స్టిల్స్. డబ్బు కట్టింది జంట, షట్టర్ నొక్కింది ఫొటోగ్రాఫర్. మరి కాపీరైట్ ఎవరిది?

నొక్కినవాళ్లదే అంటారు చాలామంది. మామూలు ఫొటోకి అంతే. డబ్బిచ్చి తీయించుకున్నదానికి లెక్క వేరు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్, బి క్లాజు చూడండి: వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవాళ్లే మొదటి యజమానులు. వీడియోకీ ఇదే వర్తిస్తుంది. స్టూడియో తన ఇన్‌స్టా పేజీలో ఆ ఫొటో పెట్టాలన్నా అడిగే పెట్టాలి.

[అడ్వాన్సు రసీదు క్లోజప్]

స్టూడియోలు బోల్తా పడేది ఈ కాగితం దగ్గరే. వెనక చిన్న అక్షరాల్లో “హక్కులన్నీ మావే” అని అచ్చు వేయిస్తారు, కస్టమర్ సంతకం ఉండదు. షూట్ అయ్యాక హక్కులు రాయించుకోవాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాత, సంతకం రెండూ ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే. ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. ఇన్‌స్టాకి సరిహద్దులు లేవు కదా, అందుకే ప్రాంతం కూడా రాయించుకోండి.

[గోడబొమ్మ ముందు జంట, పక్కన కైలాసగిరి శివపార్వతుల విగ్రహాలు]

ఇప్పుడు వెనకున్న గోడ. ఇక్కడ చట్టం కాస్త విచిత్రంగా ఉంటుంది. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న విగ్రహాన్ని ఫొటో తీయొచ్చు, ప్రచురించొచ్చు. 52వ సెక్షన్ ఆ వెసులుబాటు ఇచ్చింది. గోడ మీది పెయింటింగ్ మాత్రం ఆ ఫొటో క్లాజులో లేదు. వీడియోల క్లాజులో ఉంది! అంటే ఒకే గోడ, ఒకే జంట: రీల్‌కి ఇబ్బంది లేదు, స్టిల్‌కి ఉంది. ఇంట్లో ఆల్బమ్‌లో పెట్టుకుంటే సొంత వాడకం, భయం లేదు. అదే స్టిల్‌ని స్టూడియో హోర్డింగ్‌కి ఎక్కిస్తే చిత్రకారుడు నిలదీయొచ్చు. గోడ అడుగున సాధారణంగా పేరు ఉంటుంది, వెతికి అడగండి.

పాట సంగతి క్లుప్తంగా. “30 సెకన్లలోపు వాడితే తప్పు లేదు” అన్న రూలు ఎక్కడా లేదు. సాహిత్యం, బాణీ, రికార్డింగు మూడూ వేర్వేరు హక్కులు. యాప్ లైబ్రరీలోని సినిమా పాట సొంత పోస్టుకి సరిపోతుంది. వ్యాపార ప్రచారానికి విడిగా లైసెన్సు కావాలి.

[హార్డ్ డిస్కుల వరస]

ఇక గోప్యత. అది ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిల ధర్మాసనం తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. జంట తమ సొంత అవసరానికి ఫొటో దాచుకుంటే ఈ చట్టం వర్తించదు. స్టూడియోకి వర్తిస్తుంది. పెళ్లి పని కోసం ఇచ్చిన ఒప్పుకోలు ప్రకటనకి చెల్లదు, దానికి వేరుగా అడగాలి. ఒప్పుకోవడం ఎంత తేలికో, వద్దనడం కూడా అంతే తేలిగ్గా ఉండాలి. వద్దన్నాక పేజీలోంచి తీసేస్తే చాలదు. ఎడిటర్ ల్యాప్‌టాప్‌లోనూ, ఆల్బమ్ ల్యాబుకి పంపిన ఫోల్డర్‌లోనూ ఉన్న కాపీలను తుడిపించాల్సింది కూడా స్టూడియోనే.