వీఓఆర్ కేంద్రం తీసేశాక మిగిలే దారులు

వేదిక మీది పెద్దలకు, ఈ నగరపు ఇంజినీరింగ్ కళాశాలల నుంచి వచ్చిన విద్యార్థులకు, విమానయాన రంగంలో పనిచేస్తున్న మిత్రులకు నమస్కారం.

ఏడు దశాబ్దాలుగా విమానాలకు దారి చూపిన వీఓఆర్ రేడియో కేంద్రాలను ప్రపంచమంతటా ఒక్కొక్కటిగా మూసివేస్తున్నారు. అమెరికాలో 2016 నాటికి 896 ఉండగా 2030 నాటికి వాటిని 589కి కుదించాలని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ నిర్ణయించింది. బ్రిటన్ 46 కేంద్రాలను 19కి తగ్గించే పని చేపట్టింది. ఉపగ్రహాలు ఉండగా ఇవెందుకని అడగడం తేలిక, దానికి జవాబు చెప్పడమూ తేలికే. ఈ కేంద్రాలను ఆనుకొని గీసిన దారుల సంగతేమిటన్నదే కష్టమైన ప్రశ్న. యంత్రాన్ని ఒక్క పూటలో ఆపేయవచ్చు. కానీ దాని చుట్టూ అల్లుకున్న మలుపులు, ఎత్తుల పరిమితులు, కంట్రోలర్ల మధ్య ఒప్పందాలు కాగితాల్లో అలాగే ఉండిపోతాయి. వాటిని లెక్క చూసి తిరగరాయకుండా కేంద్రాన్ని మాత్రమే తీసేస్తే, కొత్త పరికరాలకు ఖర్చు పెట్టి మరీ పాత వంకర దారిలో ఎగురుతూ ఉంటామన్నది ఈ రోజు నేను మీ ముందు పెట్టదలచిన వాదన.

వీఓఆర్ ఎలా పనిచేస్తుందో ముందుగా చూద్దాం. మన డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపస్తంభానికి రెండు దీపాలు ఉన్నాయనుకోండి. ఒకటి సన్నని వెలుగుతో గుండ్రంగా తిరుగుతుంది. ఆ వెలుగు సరిగ్గా ఉత్తరం వైపు చూసిన క్షణాన రెండోది అన్ని దిక్కులకూ ఒకేసారి మెరుస్తుంది. సముద్రంలో ఉన్న నావికుడు ఆ మెరుపుకూ, తిరిగే వెలుగు తనను తాకడానికీ మధ్య పట్టిన సమయాన్ని కొలిస్తే తాను ఏ దిక్కున ఉన్నాడో చెప్పగలడు. వీఓఆర్ ఇదే పనిని 108 నుంచి 118 మెగాహెర్ట్జ్‌ల మధ్య, సెకనుకు 30 ఆవృత్తుల వేగంతో, రెండు సంకేతాల ఫేజ్ తేడా రూపంలో చేస్తుంది. విమానానికి తెలిసేది కేంద్రం నుంచి తాను ఉన్న దిశ, అంటే రేడియల్, ఒక్కటే. అంతకు ముందు తరానికి చెందిన ఎన్‌డీబీ అనే రేడియో కేంద్రం కన్నా ఇది ఎంతో మేలు: ఉరుములు ఉన్నచోట ఎన్‌డీబీ సూది మెరుపు వైపు తిరిగేది, తీరాన్ని వాలుగా దాటే తరంగాలు వంగిపోయి మనలాంటి సముద్రతీర ప్రాంతాల్లో దిశను తప్పుగా చూపేది. అందుకే ముందుగా తప్పుకున్నవి అవే, వాటి కోసం బాధపడిన వారిని నేను పెద్దగా చూడలేదు.

దిశ మాత్రమే తెలిసే పరికరంతో దారి గీయాలంటే ఒక కేంద్రం మీదికి వెళ్లి, అక్కడ తిరిగి, ఇంకో కేంద్రం వైపు పోవడమే సహజమైన పద్ధతి. అందువల్ల ఆకాశంలో దారులు నేల మీద స్థలం ఎక్కడ దొరికిందో, కరెంటు ఎక్కడ ఉందో, కొండలు ఎక్కడ అడ్డు రాలేదో వాటిని బట్టి వంకర తిరిగాయి. పైగా కోణంలో పొరపాటు దూరంతో పాటు పెరుగుతుంది: కేంద్రం నుంచి 60 నాటికల్ మైళ్ల దూరంలో ఒక డిగ్రీ తేడా వస్తే విమానం ఒక నాటికల్ మైలు పక్కన ఉంటుంది. అమెరికా నియమాల్లో వీఓఆర్ దారికి 51 నాటికల్ మైళ్ల వరకు ఇరువైపులా నాలుగేసి మైళ్లు రక్షణగా ఇచ్చి, ఆపైన నాలుగున్నర డిగ్రీల చొప్పున వెడల్పు చేస్తూ పోవడం ఇందుకే. ఇటువంటి దారులు పక్కపక్కన ఎక్కువ పట్టవు. అన్నీ వచ్చి కేంద్రం నెత్తిన కలుస్తాయి కనుక రద్దీ కూడా అక్కడే పేరుకుంటుంది.

ఆర్‌నావ్ పద్ధతి ఈ బంధాన్ని తెంచింది. విమానంలోని కంప్యూటర్‌కు తన అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే చాలు, నేల మీద ఏమీ లేనిచోట కూడా రెండు బిందువుల మధ్య దారి గీయవచ్చు. ఆర్‌నావ్ 5 అంటే ప్రయాణ సమయంలో 95 శాతం మేర విమానం గీతకు ఇటూ అటూ 5 నాటికల్ మైళ్ల లోపే ఉండాలన్న హామీ. ఈ వెడల్పు దారి పొడవునా ఒక్కటే. ఆర్‌ఎన్‌పీ రకం దారుల్లో ఆ హామీ తప్పుతున్నప్పుడు విమానమే పైలట్‌ను హెచ్చరించాలి. దారి పేరును బట్టి కూడా దాని తరం తెలుస్తుంది: అంతర్జాతీయ నియమాల ప్రకారం ఏ, బీ, జీ, ఆర్ అక్షరాలూ దేశీయంగా హెచ్, జే, వీ, డబ్ల్యూ అక్షరాలూ పాత దారులవి, ఎల్, ఎం, ఎన్, పీ అక్షరాలూ దేశీయంగా క్యూ, టీ, వై, జెడ్ అక్షరాలూ ఆర్‌నావ్ దారులవి.

ఇక అసలు పనికి వద్దాం. ఒక వీఓఆర్‌ను మూసేముందు దాని మీద ఏమేమి ఆధారపడి ఉన్నాయో పట్టీ తీయాలి. అనుభవం లేనివారు అందులో దాని మీదుగా పోయే దారులను మాత్రమే రాస్తారు. నిజానికి ఆ కేంద్రం మీదికి రాకపోయినా దాని రేడియల్ ఇంకో దారిని ఖండించే చోట ఏర్పడ్డ బిందువులు ఉంటాయి. విమానం గుండ్రంగా తిరుగుతూ వేచి ఉండే హోల్డింగ్ స్థానాలు ఉంటాయి. పక్క ఊరి రన్‌వేకు విమానాన్ని దింపే రేడియో సాధనమైన ఐఎల్‌ఎస్ ఉన్నా, దిగడం కుదరక పైకి లేచిన విమానం ఎటు పోవాలో చెప్పే మిస్డ్ అప్రోచ్ మాత్రం ఈ వీఓఆర్ వైపే చూపుతుంటుంది; ఇది తరచుగా కంటపడకుండా తప్పించుకునే అంశం. ఒక దారి మీద కనీస ఎత్తు కొండల వల్ల నిర్ణయమైందా, లేక అంతకన్నా కిందికి దిగితే రేడియో సంకేతం అందదు కాబట్టి నిర్ణయమైందా అన్నది విడిగా చూడాలి, ఎందుకంటే రెండో కారణం కేంద్రంతో పాటే పోతుంది, మొదటిది ఎన్నటికీ పోదు. రెండు కంట్రోల్ కేంద్రాల మధ్య ‘ఫలానా బిందువు దగ్గర ఫలానా ఎత్తులో అప్పగిస్తాం’ అన్న ఒప్పంద పత్రాలు, రాడార్ తెరల మీది పటాలు, సైనిక శిక్షణ ప్రాంతాల సరిహద్దు వర్ణనలు సైతం ఆ కేంద్రం పేరుతోనే రాసి ఉండవచ్చు.

ఈ పట్టీ పొడవు చూసి భయపడి చాలా చోట్ల ఒక దగ్గరి దారి తొక్కుతారు. వీఓఆర్ ఉన్న స్థానంలోనే అయిదక్షరాల పేరుతో ఒక వేపాయింట్, అంటే అక్షాంశ రేఖాంశాలతో గుర్తించిన బిందువు, పెట్టి, దారి గీతను ముట్టుకోకుండా దాని పేరులోని మొదటి అక్షరం మాత్రం మారుస్తారు. విమానాశ్రయాల రాకపోకల పద్ధతుల విషయంలో ఇంకో అడుగు ముందుకు వేసి, కేంద్రం లేకపోయినా ఆ పాత పద్ధతినే విమానంలోని కంప్యూటర్ లెక్కతో ఎగరనిస్తారు. బ్రిటన్‌లో దీనికి ఆర్‌నావ్ ప్రత్యామ్నాయం పేరిట నియమాలే ఉన్నాయి. తాత్కాలికంగా ఇది తప్పు కాదు. పైలట్‌కు, కంట్రోలర్‌కు అలవాటైన ఆకృతిని ఒక్క రాత్రిలో చెరపకపోవడంలో భద్రత ఉంది. తాత్కాలికమన్నది పదేళ్లు సాగినప్పుడే చిక్కు. ఎక్కడో ఖాళీ స్థలం దొరికిందన్న కారణంగా పుట్టిన మలుపు, ఆ స్థలంలో పిచ్చిమొక్కలు మొలిచాక కూడా ప్రతి విమానం చేత ఇంధనం కాల్పిస్తూనే ఉంటుంది. మలుపుకు కొండో, నిషిద్ధ ప్రాంతమో, పక్క దారితో దూరమో కారణమైతే ఉంచాలి; కారణం ఆ భవనమే అయితే భవనంతో పాటు మలుపూ పోవాలి.

మన దేశానికి వస్తే, ఇస్రో, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నిర్మించిన గగన్ వ్యవస్థ ఈ మార్పుకు వెన్నెముక. జీపీఎస్ సంకేతాల్లోని తప్పులను నేల మీద కొలిచి, సవరణలను భూస్థిర ఉపగ్రహాల ద్వారా విమానాలకు పంపుతుంది. 2013 డిసెంబరు 30న మార్గ ప్రయాణానికి, 2015 ఏప్రిల్ 21న నిలువు మార్గదర్శకంతో కూడిన అప్రోచ్‌కు, అంటే రన్‌వే వైపు దిగివచ్చే పద్ధతికి, దానికి ధ్రువీకరణ లభించింది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో వారి ఏటీఆర్ విమానం గగన్ ఆధారంగా దిగింది. ఇక్కడ మన వాల్తేరుకు సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. అయస్కాంత భూమధ్యరేఖకు సమీపంలో ఉన్న మన దేశం మీద అయనోస్ఫియర్, అంటే విద్యుదావేశం నిండిన పై వాతావరణపు పొర, మహా చంచలమైనది. సూర్యుడు చురుకుగా ఉండే ఏళ్లలో మధ్యాహ్నం పూట అది కలిగించే దూరపు లెక్క తేడా పది మీటర్లు దాటగలదు, సూర్యాస్తమయం తరవాత ఏర్పడే ప్లాస్మా బుడగలు సంకేతాన్నే చెదరగొడతాయి. అమెరికా మీద సరిపోయిన లెక్క మన మీద సరిపోదు. గగన్ కోసం దేశమంతటా పెట్టిన రిసీవర్ల కొలతలను విశ్లేషించి ఈ తేడాల తీరు చెప్పిన వారిలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర పరిశోధకులు ఉన్నారు. విద్యార్థులు ఆ పత్రాలు తీసి చదవాలి.

అయితే ఉపగ్రహ సంకేతం నేలకు చేరేసరికి అతి బలహీనమైపోతుంది. దాన్ని అణచివేయడం, దాని పేరుతో అబద్ధపు సంకేతం పంపడం కష్టం కాదు. ఎస్టోనియాలోని టార్టు విమానాశ్రయంలో అప్రోచ్‌కు జీపీఎస్ ఒక్కటే ఆధారం కావడంతో, 2024 ఏప్రిల్‌లో అంతరాయాల వల్ల ఫిన్‌ఎయిర్ విమానాలు దిగలేక వెనుదిరిగాయి. జీపీఎస్ అవసరం లేని పద్ధతి ఏర్పాటయ్యే దాకా దాదాపు నెల రోజులు ఆ సంస్థ అక్కడికి విమానాలు నడపలేదు. 2025 చివరలో ఢిల్లీలో ఇటువంటి నకిలీ సంకేతాల ఘటనలు జరిగినప్పుడు, జీపీఎస్ ఆధారిత అప్రోచ్ వాడిన విమానాలకే ఇబ్బంది కలిగిందనీ, సంప్రదాయ పరికరాలున్న రన్‌వేలు మామూలుగానే పనిచేశాయనీ పౌర విమానయాన మంత్రి, మన పొరుగు శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు పార్లమెంటుకు తెలియజేశారు. నేల మీద కనీస సంఖ్యలో కేంద్రాలను నిలిపి ఉంచుతున్నామన్నది కూడా ఆ సమాధానంలో ఉంది. అమెరికాలో ఈ కనీసపు వలకు కొలత ఉంది: నేలకు 5,000 అడుగుల ఎత్తున ఎక్కడ ఉపగ్రహాలు మూగబోయినా 100 నాటికల్ మైళ్ల లోపు, ఉపగ్రహం అక్కరలేకుండా దిగగలిగే ఒక విమానాశ్రయం దొరకాలి. ఉంచాల్సిన కేంద్రాలను ఇటువంటి కొలతతో ఎంచాలే గాని, ఏది కొత్తది, ఏ ఊరు పెద్దది అని చూసి కాదు.

నా దృష్టిలో ఈ కనీసపు వలలో దిశ చెప్పే వీఓఆర్ కన్నా, కేంద్రం నుంచి దూరం చెప్పే డీఎంఈకి విలువ ఎక్కువ. విమానం పంపిన పల్సుల జంటకు కేంద్రం 50 మైక్రోసెకన్లు ఆగి బదులిస్తుంది. వెళ్లి రావడానికి పట్టిన కాలంలో ప్రతి 12.36 మైక్రోసెకన్లూ ఒక నాటికల్ మైలు. డాప్లర్ వీఓఆర్‌కు 48 యాంటెన్నాల వలయం, చుట్టూ అడ్డులేని మైదానం కావాలి. డీఎంఈకి చిన్న యాంటెన్నా ఒక్కటి చాలు. రెండు డీఎంఈల నుంచి దూరాలు తెలిస్తే విమానపు కంప్యూటర్ తన స్థానాన్ని లెక్క కట్టుకుంటుంది, అంటే ఉపగ్రహం లేకున్నా ఆర్‌నావ్ దారి నిలుస్తుంది. ఒక షరతు ఉంది: విమానం నుంచి ఆ రెండు కేంద్రాల వైపు చూసే గీతల మధ్య కోణం 30 నుంచి 150 డిగ్రీల లోపు ఉండాలి. లోతట్టు ప్రాంతంలో ఇది సమస్య కాదు, చుట్టూ కేంద్రాలు ఉంటాయి. మనకు ఒక పక్కంతా సముద్రమే. విశాఖలో ఒకటి, రాజమహేంద్రవరంలో ఒకటి ఉన్నాయనుకుందాం; వాటి మధ్య సుమారు 90 నాటికల్ మైళ్లు. తీరానికి ఎదురుగా సముద్రం మీద 170 మైళ్లు దాటేసరికి ఆ కోణం 30 డిగ్రీల కన్నా తగ్గిపోతుంది. 30,000 అడుగుల ఎత్తున రేడియో సంకేతం 210 మైళ్ల దాకా అందుతుంది. అంటే వినికిడి ఉండగానే లెక్క చెల్లకుండా పోతుంది. దగ్గరి కేంద్రంతో ఆగకుండా భువనేశ్వర్ వంటి దూరపు కేంద్రంతో జత కలిపితే కోణం తెరుచుకుంటుంది; కాబట్టి తీరం వెంబడి ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్నది ఒక్కో ఊరిని విడిగా చూసి తేల్చే విషయం కాదు. ఇంకా లోపలికి పోతే నేల కేంద్రాలేవీ అందవు. 2002 నవంబరు 28న బంగాళాఖాతం మీదుగా ఆసియా, ఐరోపాల మధ్య దారులను ఆర్‌ఎన్‌పీ 10 ప్రమాణంతో తిరిగి గీసినప్పుడు లెక్కలోకి తీసుకున్నది విమానాలు తమతో మోసుకుపోయే సాధనాలనే. ఉపగ్రహం పోతే గంటకు రెండు మైళ్ల వరకు జరిగిపోగల, బయటి సంకేతం లేకుండా విమానం కదలికలను కొలిచి స్థానం లెక్కించే ఇనర్షియల్ వ్యవస్థే వాటికి ఆధారం.

నేల మీద ఉన్నంత మాత్రాన కేంద్రం భద్రమని కూడా అనుకోరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన విమానాశ్రయం పైకప్పు లేపేసి, కొన్నాళ్లు విమానాలను ఆపేసిన సంగతి ఈ సభలో ఎవరూ మరచి ఉండరు. ఒక తుపాను ఒకే రోజున పక్కపక్క కేంద్రాలను దెబ్బతీయగలదు, అందువల్ల తీరంలో ఉంచే జంటల్లో కనీసం ఒకటి లోతట్టున ఉండడం మంచిది.

విశాఖకు ఇంకో ప్రత్యేకత ఉంది. ఇప్పటి రన్‌వే నౌకాదళపు ఐఎన్‌ఎస్ డేగాది. పౌర విమానాలు అక్కడ అతిథులు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట చేపట్టిన విమానాశ్రయానికి పౌర విమానాలు మారడమంటే ప్రయాణికులకు నలభై అయిదు కిలోమీటర్ల రోడ్డు, ఆకాశంలో మాత్రం అయిదు నిమిషాల దూరం. ఇంత దగ్గరలో ఒకటి సైనికం, ఒకటి పౌరం అయినప్పుడు రెండింటి రాకపోకల దారులనూ కలిపి ఒకే పటం మీద గీయాలి. డేగా కోసం గీసిన పాత బిందువులను భోగాపురానికి జరిపితే చాలదు. నౌకాదళం శిక్షణకు వాడే ప్రాంతం ఖాళీగా ఉన్న వేళల్లో పౌర విమానాలకు నేరుదారి తెరవడం కూడా ఇందులో భాగమే. దేశ గగనతలంలో 60 శాతమే పౌర విమానాలకు స్వేచ్ఛగా దొరుకుతోందని, ఆంక్షలు సడలిస్తే ఏటా 1,000 కోట్ల రూపాయలు మిగులుతాయని 2020 మేలో కేంద్ర ఆర్థిక మంత్రి ప్రకటించారు.

తేదీ సంగతి కూడా ముందే చూసుకోవాలి. దారి మార్పులన్నీ 28 రోజులకొకసారి, గురువారం నాడే ప్రపంచమంతటా ఒకేసారి అమలులోకి వస్తాయి. పెద్ద మార్పులైతే 56 రోజుల ముందే ప్రచురించాలన్నది అంతర్జాతీయ సిఫారసు. విమానాల కంప్యూటర్లలోని సమాచారం, కంట్రోలర్ల తెరలు, సైన్యం పటాలు అన్నీ ఆ గురువారానికి సరిపోవాలి. వీఓఆర్‌ను ఆపే తేదీని కూడా ఆ గురువారానికో, ఆ తరవాతి రోజుకో పెట్టాలి గాని, నిర్వహణ కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో చూసి పెట్టకూడదు.