మూడువందల యాభై కిలోలు దాటితే

శ్రోతలందరికీ నమస్కారం.

ఆస్ట్రేలియా ఉత్తర కొసన డార్విన్ అనే రేవు ఉంది. అక్కడ ఓడ ఎక్కే కోడెదూడను చూస్తే మీకు ఎక్కడో చూసినట్టే ఉంటుంది. బూడిద రంగు ఒళ్లు, మూపురం, వేలాడే గంగడోలు. దాని జాతి పేరు బ్రాహ్మన్. మన దేశం నుంచి వెళ్లిన పశువులను కలిపి అమెరికావాళ్లు తయారు చేసుకున్న జాతి అది. అందులో గిర్, కాంక్రేజ్ పశువులతో పాటు మన ఒంగోలు రక్తం కూడా ఉంది. ఎండకూ పిడుదులకూ తట్టుకుంటాయని 1933లో వాటిని ఆస్ట్రేలియాకు తెచ్చుకున్నారు. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ ఓడ వెళ్లేది ఇండోనేషియాకు. డచ్చివాళ్ల కాలంలోనే అక్కడి సుంబా దీవికి మన ఒంగోలు గిత్తలు చేరాయి. ఇప్పటికీ అక్కడి రైతులు ఆ పశువును ‘సాపి ఒంగోల్’ అంటారు. సాపి అంటే వాళ్ల భాషలో ఆవు.

ఈ రెండు దేశాల మధ్య పశువుల వ్యాపారం 2011లో ఒక నెలపాటు ఆగిపోయింది. అప్పుడు ఆస్ట్రేలియా ప్రభుత్వం పశుపోషకులను ఎలా ఆదుకుందో, ఆ సాయం ఎంతవరకు పనికొచ్చిందో ఈ పూట చెప్పుకుందాం.

ముందు ఒక అంకె గుర్తుపెట్టుకోండి: 350 కిలోలు. ఇండోనేషియా ఎక్కువగా కొనేది బక్కగా ఉన్న కుర్ర పశువులనే. వాటిని తీసుకెళ్లి మూడు నెలలపాటు మేపి, బలిశాక కబేళాకు పంపుతారు. అప్పట్లో 350 కిలోలు దాటిన పశువును దిగుమతి చేసుకునేవారు కాదు. అందుకే ఉత్తర ఆస్ట్రేలియా పశుపోషకులు పెంపకమంతా ఆ బరువును దృష్టిలో పెట్టుకునే సాగించేవారు. వాళ్ల పొలాన్ని స్టేషన్ అంటారు. రైళ్లు ఆగే స్టేషన్ కాదు, మన మండలాలు కొన్ని అందులో ఇమిడిపోయేంత విస్తీర్ణం. వానాకాలంలో దారులు మునిగిపోతాయి. వానలు వెనకబట్టాక హెలికాప్టర్లతో మందలను తోలుకొచ్చి, మూడేసి ట్రెయిలర్లు తగిలించిన లారీల్లో రేవుకు పంపుతారు. అంటే వాళ్లకు జూన్ నెల మనకు కోతల కాలం లాంటిది.

సరిగ్గా ఆ కోతల ముందు, 2011 మే 30 రాత్రి, ఆస్ట్రేలియా ప్రభుత్వ టీవీ ఏబీసీలో ఒక కార్యక్రమం వచ్చింది. ఇండోనేషియా కబేళాల్లో కొన్నిచోట్ల పశువులను ఎంత క్రూరంగా చంపుతున్నారో అందులో చూపించారు. చూసినవాళ్లు తట్టుకోలేకపోయారు. పశువులను పెంచినవాళ్లు కూడా తట్టుకోలేకపోయారు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. జూన్ 2న వ్యవసాయ మంత్రి జో లుడ్విగ్ ఆ వీడియోతో సంబంధమున్న 12 కబేళాలకు పశువులు పంపకూడదన్నారు. అక్కడితో ఆగితే ఈ కథ వేరుగా ఉండేది. అయిదు రోజులు తిరిగేసరికి, జూన్ 7న, ఇండోనేషియాకు ఎగుమతి మొత్తం ఆపేస్తూ ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. పశువును స్పృహ తప్పించి, పద్ధతిగా కోసే కబేళాలు కూడా ఉన్నాయి. వాటికీ మినహాయింపు లేదు.

ఎగుమతి నిషేధం మనకు కొత్త కాదు. 2023 జులైలో బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని మన కేంద్రం ఆపేసింది. కానీ బియ్యం బస్తాను గోడౌన్‌లో పెట్టి తాళం వేయొచ్చు. రేవు దగ్గర దొడ్లో నిలబడ్డ కోడెదూడకు తాళం వేయలేం కదా! అది రోజూ మేత తింటుంది, నీళ్లు తాగుతుంది, బరువెక్కుతుంది. 340 కిలోలున్నది కొన్ని వారాలకు 350 దాటితే ఇక అప్పట్లో ఇండోనేషియాకు పనికొచ్చేది కాదు. ఆస్ట్రేలియా దక్షిణాదికి పంపాలంటే వేల కిలోమీటర్ల లారీ కిరాయి. పైగా అక్కడి మార్కెట్లో మూపురమున్న పశువుకు ధర తక్కువ. సంతకు తోలుకెళ్లిన ఎద్దును అమ్ముడుపోక వెనక్కి తోలుకొచ్చిన రైతును అడగండి, ఆ దారి ఎంత పొడుగో చెబుతాడు.

ఇక సాయం సంగతి. జూన్ 30న ప్రభుత్వం 3 కోట్ల డాలర్ల ప్యాకేజీ ప్రకటించింది. దెబ్బతిన్న వ్యాపారానికి ముందు 5,000 డాలర్లు, ఆ తర్వాత నష్టం లెక్కలు చూపిస్తే 20,000 దాకా. పని పోయినవాళ్లకు కొన్ని వారాల భృతి. కొత్తగా అప్పు తీసుకుంటే దాని వడ్డీకి సాయం.

లారీ డ్రైవర్‌కో, హెలికాప్టర్ నడిపే కుర్రాడికో ఆ భృతి నిజంగానే అక్కరకొచ్చి ఉంటుంది. కాదనను. కానీ వేల తలల మంద ఉన్న స్టేషన్‌కు 20,000 డాలర్లు ఏ మూలకు? ఇక వడ్డీ సాయం మాట నాకు అసలే మింగుడుపడదు. అమ్ముకోవడానికి సిద్ధంగా ఉన్న సొత్తును అమ్మనివ్వకుండా, ఖర్చులకు అప్పు తెచ్చుకో, వడ్డీ మేం చూసుకుంటాం అన్నట్టుంది. వడ్డీ ఎవరు కట్టినా, తెచ్చిన అసలు మాత్రం రైతు మెడకే కదా.

ఇలాంటి సాయం పక్కదారి పట్టడం కూడా ఉంది. 2003 మే 20న కెనడాలోని ఆల్బెర్టాలో ఒక్క ఆవుకు పిచ్చి ఆవు వ్యాధి ఉందని తేలగానే అమెరికా సరిహద్దు మూసేసింది. కబేళాకు పంపిన పశువు లెక్కన కెనడా ప్రభుత్వం డబ్బిచ్చింది. రైతుకు ఎలాగూ సాయం అందుతుంది, అమ్ముకోవడానికి వేరే దిక్కూ లేదు, అందుకని పశువు ధర పడిపోయింది. మాంసం కంపెనీల లాభాలు మాత్రం ఆ రోజుల్లోనే పెరిగాయి.

ఆస్ట్రేలియాలో నిషేధం 2011 జులై 6న ఎత్తేశారు. ఎత్తేయగానే ఓడ కదిలిందా? లేదు. ఇండోనేషియా అనుమతులు రావాలి, కొత్త నిబంధనలకు కాగితాలు కుదరాలి. మళ్లీ ఓడ బయల్దేరేసరికి ఆగస్టు వచ్చింది. అంతకన్నా పెద్ద దెబ్బ తర్వాత పడింది. మాట మాత్రం చెప్పకుండా మాకు తిండి ఆపేస్తారా అని ఇండోనేషియాకు కోపం వచ్చింది. మన పశువులు మనమే పెంచుకుందాం అన్న ఆలోచన అక్కడ అప్పటికే ఉంది. రెండూ కలిశాయి. 2010లో 5 లక్షలకు పైగా పశువులు కొన్న దేశం, 2012కు 2 లక్షల 83 వేలు చాలంది. ప్యాకేజీ చూసింది నెల రోజుల నష్టాన్ని. అసలు నష్టం ఏళ్ల తరబడి సాగింది.

పశుపోషకులు చివరికి కోర్టుకెక్కారు. డార్విన్ ఉన్న నార్తర్న్ టెరిటరీ ప్రాంతానికి చెందిన బ్రెట్ క్యాటిల్ కంపెనీ ముందు నిలబడింది. 2020 జూన్ 2న ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి స్టీవెన్ రేర్స్ తీర్పు చెప్పారు. మినహాయింపు లేకుండా అందరినీ ఆపేయడం చెల్లదని, మంత్రి అధికారాన్ని దుర్వినియోగం చేశారని. ఆ ఒక్క కంపెనీకి 29 లక్షల డాలర్లు ఇవ్వమన్నారు. ఆనాడు యావత్తు పరిశ్రమకు ప్రకటించిన 3 కోట్ల పక్కన ఈ అంకెను పెట్టి చూడండి. 2022లో మిగతావాళ్లందరికీ కలిపి ప్రభుత్వం 21 కోట్ల 50 లక్షలు ఇస్తానంది. చాలదన్నారు వాళ్లు.

ఆ నిషేధం వల్ల మంచి ఏమీ జరగలేదని అనలేం. ఇప్పుడు ఆస్ట్రేలియా పశువు ఓడ దిగాక ఎవరి దొడ్లో మేసింది, ఏ కబేళాకు చేరింది అన్న లెక్క ఎగుమతిదారు చూపించాల్సిందే. డార్విన్ రేవులో ఓడ ఎక్కే కోడెదూడ చెవికి ఒక ట్యాగు ఉంటుంది. అవతలి ఒడ్డున దింపుకునేవాడు ముందు ఆ ట్యాగునే చూస్తాడు. తర్వాత దాని మూపురం, గంగడోలు చూసి, ‘ఒంగోల్’ అన్నా అంటాడు.

నమస్కారం.