దశాంశాలు నేర్పడానికి ఏది పనికొస్తుంది: రూపాయలా, గళ్ల కాగితమా, దర్జీ టేపా?

నమస్తే అండీ. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకి దశాంశాలు చూపించడానికి మనం వాడే సరంజామా అంతా ఇవాళ టేబుల్ మీద పరిచాను. వీటన్నిటికీ ఒకటే పరీక్ష: 0.35 పెద్దదా, 0.4 పెద్దదా? చాలామంది పిల్లలు టక్కున 0.35 అనేస్తారు, 4 కన్నా 35 పెద్దది కదా మరి. దాన్ని ‘పాయింట్ ముప్పై అయిదు’ అని చదివి వినిపించేది మనమే, వాళ్లననుకుని ఏం లాభం?

ముందు డబ్బులు. దాదాపు అందరూ ఇక్కడే మొదలుపెడతారు, నాకు మాత్రం నచ్చదు. పావలా, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెలామణిలోంచి పోయాయి, అర్ధ రూపాయి చట్టప్రకారం చెల్లుతుంది గానీ కొట్లో ఇచ్చి చూడండి, మొహం ఎలా పెడతారో. అంటే ఇప్పటి పిల్లలకి పైసా అంటే బిల్లు మీద కనబడే అంకె మాత్రమే. పైగా బిల్లులో 12.50 అని ఎప్పుడూ రెండు అంకెలే వేస్తారు కాబట్టి పాయింటుకి అటు ఒక సంఖ్య, ఇటు ఇంకో సంఖ్య అనుకుంటారు, అందుకే 3.5 రూపాయలంటే మూడు రూపాయల ఐదు పైసలు అనే జవాబు వస్తుంది. డబ్బులు వద్దనను, చివర్లో తెండి.

క్రికెట్ అయితే అసలు తేకండి! 4.3 ఓవర్లంటే నాలుగు ఓవర్ల మూడు బంతులు, అంటే నాలుగున్నర. 4.5 తర్వాత ఒక్క బంతి పడితే 5 అయిపోతుంది. 4.3 ఓవర్లలో 36 పరుగులు కొడితే రన్‌రేట్ సరిగ్గా 8, పాపం పిల్లలు 4.3తో భాగిస్తే 8.37 వస్తుంది. ఆరో తరగతి దాటాక సరదా లెక్కగా ఇవ్వండి.

ఇప్పుడు ఈ దర్జీ టేపు. సెంటీమీటర్ల వైపే వాడండి, ఇంచుల వైపు పది భాగాలుండవు. 100 దగ్గర ఎర్ర దారం కట్టాను చూడండి, సున్నా నుంచి ఇక్కడిదాకా మీటరు, అదే మన ‘ఒకటి’. పదో వంతు 10 సెంటీమీటర్లు, నూరో వంతు ఒక్క సెంటీమీటరు. 0.35 దగ్గర ఒక బట్టల క్లిప్పు, 0.4 దగ్గర ఇంకోటి పెట్టాను. ఇక వాదనేముంది, ఏది దూరంగా ఉందో కళ్లముందే ఉంది. సంఖ్యారేఖ అంటే భయపడే పిల్లలకి కూడా ఇదే దారి, ఎందుకంటే ఇది చేత్తో పట్టుకునే సంఖ్యారేఖే. 0.3కీ 0.4కీ మధ్య ఏమీ లేదనే పిల్లలచేత అక్కడి గీతలు లెక్కపెట్టించండి.

పదికి పది గళ్ల కాగితం నాకు అన్నిటికన్నా ఇష్టం. 0.4 అంటే నాలుగు నిలువు వరసలు, 0.35 అంటే మూడు వరసలూ, పక్కన ఐదు గళ్లూ. 0.4, 0.40 రెండూ ఒకటే అని చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతుంది. ఒక్క చిక్కుంది, గళ్లు లెక్కపెట్టి ‘35’ అనేసి, కాగితం మొత్తం కలిపి ఒకటి అన్న సంగతి మర్చిపోతారు. అందుకే అంచు చుట్టూ లావు గీత గీసి, పైన ‘1’ అని రాయించండి. ముందే రంగు వేసిన వర్క్‌షీట్లు మాత్రం కొనకండి, రంగు వెయ్యడంలోనే సగం చదువుంది.

ఒకట్లు, పదులు, వందలు చూపించే ఈ ప్లాస్టిక్ బ్లాకులు చూడ్డానికి బాగుంటాయి. కానీ రెండో తరగతిలో ఈ పెద్ద పలకని వంద అని చెప్పి, ఇప్పుడు ఇదే ఒకటి అంటే పిల్లలు మనల్ని అనుమానంగా చూస్తారు. స్కూల్లో ఉంటే వాడుకోండి, ఇంటికోసం కొనక్కర్లేదు. స్థాన విలువల పట్టిక ఇవన్నీ అయ్యాక రాసుకోవడానికి, అంతే.

వీటిలో ఏ ఒక్కటీ విడిగా సరిపోదు, ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చడం రావాలి. ఉదాహరణకి 0.07 అనగానే మీ పాప గళ్ల కాగితం మీద ఏడు వరసలు నింపేసిందనుకోండి. తప్పు అనకండి, అదే సంఖ్యని టేపు మీద చూపించమనండి, అంకెల్లో 7/100 అని రాయమనండి, తర్వాత మూడూ పక్కపక్కన పెట్టి ఏది కుదరట్లేదో తననే పట్టుకోమనండి. కాసేపు పడుతుంది, మధ్యలో అందించకండి. గళ్ల కాగితం పీడీఎఫ్ కింద డిస్క్రిప్షన్‌లో ఉంది, నలుపు తెలుపు ప్రింటయినా చాలు.