చీట్ డే లెక్క: ఆదివారం బిర్యానీ, సోమవారం తూకం

నమస్కారం. బరువు తగ్గడానికి ఆరు రోజులు కొలుచుకుని తిని, ఏడో రోజు ఇష్టం వచ్చినంత తినడాన్ని చీట్ డే అంటున్నాం. ఆ ఒక్క రోజు కొవ్వు కరగడాన్ని ఎంత దెబ్బతీస్తుందో ఈ వీడియోలో లెక్క వేసి చూద్దాం.

ఉన్న బరువు ఉన్నట్టే నిలవడానికి రోజుకు 2,200 క్యాలరీలు అవసరమయ్యే వ్యక్తి 1,700 క్యాలరీలే తింటున్నారనుకోండి. రోజుకు 500 చొప్పున సోమవారం నుంచి శనివారం దాకా 3,000 క్యాలరీల లోటు ఏర్పడుతుంది. ఇక ఆదివారం పొద్దున పూరీ కూర, మధ్యాహ్నం చికెన్ దమ్ బిర్యానీ, దాని వెంట డబుల్ కా మీఠా, సాయంత్రం మిర్చి బజ్జీలు, రాత్రికి మిగిలిన బిర్యానీతో పాటు కూల్ డ్రింకు, ఐస్‌క్రీమ్ తిన్నారనుకుందాం. పిండిపదార్థం గ్రాముకు 4 క్యాలరీలే ఇస్తుంది, నూనె, నెయ్యి దాదాపు 9 ఇస్తాయి కాబట్టి ఆ రోజు మొత్తం 4,200కు చేరడం పెద్ద కష్టమేమీ కాదు. అంటే అవసరానికి మించి 2,000 లోపలికి వెళ్లాయి, వారమంతా కూడబెట్టిన లోటులో 1,000 మాత్రమే మిగిలింది.

ఇప్పుడు తెరపై ఉన్న మూడు అంకెలను గమనించండి. కిలో శరీర కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలు ఉంటాయి కనుక, మిగిలిన ఆ 1,000 క్యాలరీలకు కరిగేది దాదాపు 130 గ్రాములు. ఆదివారం కూడా 1,700 దగ్గరే ఆగి ఉంటే 450 గ్రాములు కరిగేవి. అదే ఆదివారం 2,200 దాకా తిని ఉంటే సుమారు 390. చివరి రెండింటికీ తేడా 60 గ్రాములే. శరీరం ఇంత కచ్చితంగా పద్దు రాయదు, తిండి పెరిగినప్పుడు ఖర్చు కూడా కొంత పెరుగుతుంది, అయినా ఈ మూడింటి వరుస మాత్రం తారుమారు కాదు. నా దృష్టిలో తగవు బిర్యానీతో కాదు, పొద్దున్నుంచి రాత్రి దాకా హద్దు లేకపోవడంతోనే.

సోమవారం ఉదయం తూకంలో కిలోన్నర పెరిగి కనిపిస్తే చాలామంది ఆందోళన పడతారు. కిలోన్నర కొవ్వు పేరుకోవాలంటే అవసరానికి మించి పదకొండు వేలకు పైగా క్యాలరీలు తినాలి, అది ఒక్క రోజులో సామాన్యంగా జరగదు. పిండిపదార్థం కండరాలలోనూ కాలేయంలోనూ గ్లైకోజెన్‌గా నిలవ అవుతుంది, ప్రతి గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, బిర్యానీలోని ఉప్పు మరికొంత నీటిని ఆపుతుంది. మళ్లీ కొలతకు వస్తే ఈ నీరు రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది: గురువారం బరువు చకచకా దిగడం చూసి, చీట్ డే వల్లే కొవ్వు కరిగిందని నమ్మేవారున్నారు. పోయింది ఆదివారం చేరిన నీరే.

ఈ నమ్మకానికి లెప్టిన్ అనే హార్మోన్‌ను ఆధారంగా చూపుతుంటారు. 1994లో వెలుగులోకి వచ్చిన ఈ హార్మోన్ కొవ్వు కణాల నుంచి విడుదలై ఆకలిని అదుపు చేస్తుంది, డైటింగ్‌లో తగ్గిపోతుంది, బాగా తింటే పెరుగుతుంది. ఇంతవరకు నిజమే. లెప్టిన్ పెరిగితే మెటబాలిజం, అంటే శరీరం శక్తిని ఖర్చు చేసే వేగం, పెరిగి కొవ్వు కరుగుతుందన్నది వారి వాదన. అయితే 2000లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఆరోగ్యవంతులైన స్త్రీలకు మూడు రోజులు అవసరం కంటే 40 శాతం ఎక్కువ ఆహారం ఇచ్చి, ఆ అదనాన్ని పిండిపదార్థంగా పెట్టినప్పుడు లెప్టిన్ 28 శాతం పెరిగినా, రోజువారీ శక్తి ఖర్చు 7 శాతమే పెరిగింది. నలభై తిని ఏడు ఖర్చు పెట్టడాన్ని మెటబాలిజం పరుగులు తీయడం అనగలమా?

డైటింగ్‌కు విరామమే కావాలంటే 2017లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధన మెరుగైన దారి చూపింది. ఊబకాయం ఉన్న పురుషులలో, రెండు వారాలు లోటులో తిని మరో రెండు వారాలు బరువు నిలిచేంత తిన్నవారు, విరామం లేకుండా డైటింగ్ చేసినవారి కంటే ఎక్కువ కొవ్వు కోల్పోయారు. వారి విరామంలో విందు లేదని, కొలిచిన భోజనమే ఉందని గమనించాలి.

కాబట్టి ఆదివారం ఒక్క పూట నచ్చింది తినండి, మిగతా రెండు పూటలూ పప్పు, కూర, గుడ్లు, మజ్జిగతో తేలికగా ముగించి మొత్తాన్ని 2,200 దగ్గర ఆపండి. మీ అంకె వేరైతే దాని దగ్గర. సోమవారం ప్రాయశ్చిత్తంగా పస్తుండవద్దు, ఆ ఆకలి బుధవారం నాటికి వడ్డీతో సహా వస్తుంది. మధుమేహానికి ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు వైద్యుడిని అడగకుండా ఇలాంటి హెచ్చుతగ్గులు చేయకూడదు. బరువును రోజూ ఉదయం కాలకృత్యాల తర్వాత, ఏమీ తినకముందే చూసి రాసుకోండి, ఏడు రోజుల సగటు తీసి దానిని పోయిన వారం సగటుతోనే పోల్చండి.