గుంట గట్టు మీద గోల్ఫ్

(నెల్లూరులో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంత వానలో గొడుగులేసుకుని వచ్చి కూర్చున్నారు, ముందు మీకో దండం. మొన్న నిర్వాహకులు ఫోన్ చేసి, "అన్నా, మీకిష్టమైన విషయం మీద అరగంట మాట్లాడాలి" అన్నారు. గోల్ఫ్ అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత, "మేము రొయ్యల గురించి అనుకున్నామన్నా" అన్నారు. అవి కూడా వస్తాయిలే అని చెప్పి ఒప్పించాను.

నేను ఇందుకూరుపేట వైపు నాలుగెకరాల్లో వెనామీ రొయ్యలు వేసే రైతుని. గోల్ఫ్ కర్ర ఒక్కసారి కూడా పట్టుకోలేదు. ఆడటం రాదు, చూడటం మాత్రం వచ్చు. ఈ పిచ్చి ఎట్లా పట్టుకుందో ముందు చెప్తాను.

గుంటలున్నవాళ్ళకి రాత్రి నిద్ర ఉండదని మీకు తెలుసు. నీళ్ళలోని నాచు పగలు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు ఆ ఆక్సిజన్ని తాగేస్తుంది. రెండు దాటిన దగ్గర్నుంచి తెల్లారేదాకా అసలు గండం. నీళ్ళకి గాలి ఇచ్చే ఏరియేటర్లు ఆగాయా, రొయ్యలు పైకి తేలతాయి. కరెంటు పోతే జనరేటర్ వేసేందుకు ఒక మనిషి కళ్ళు తెరుచుకుని ఉండాలి. మా గుంట దగ్గర ఆ మనిషిని నేనే. ఇక్కడ తెల్లవారుజామున రెండైతే, ఎండాకాలంలో అమెరికా తూర్పు వైపు సాయంత్రం నాలుగున్నర. ఆదివారమైతే ఆఖరి తొమ్మిది హోల్స్ ఆడుతుంటారు. మోటార్ల మోతలో నిద్ర ఆపుకునేందుకు ఫోన్లో ఏదో ఒకటి తిప్పుతుంటే ఒకరోజు ఈ ఆట దొరికింది. అప్పటినుంచి వదల్లేదు.

లెక్క తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. మన రొయ్యల్లో కౌంట్ ఎంత తక్కువైతే రేటు అంత ఎక్కువ. కిలోకి ముప్ఫై తూగితే పండగ, వంద తూగితే అప్పు. గోల్ఫ్‌లోనూ అంతే, అంకె తగ్గినవాడే గొప్ప. ఒక్కో హోల్‌కి బంతిని గుంతలో వేయడం ఇన్ని దెబ్బల్లో ముగించాలని ఒక లెక్క ఉంటుంది, దాన్ని పార్ అంటారు. ఒకటి తక్కువలో ముగిస్తే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. మా అమ్మ ఇప్పటికీ బోగీ అంటే రైలు పెట్టె అనే అనుకుంటుంది. పద్దెనిమిది హోల్స్ ఒక రౌండు, నాలుగు రోజుల్లో నాలుగు రౌండ్లు. బంతి పడాల్సిన గుంత వెడల్పు సరిగ్గా 108 మిల్లీమీటర్లు. అష్టోత్తరం అనుకోండి, అంబులెన్స్ నంబరు అనుకోండి, చూసేవాడి గుండెకి రెండూ సరిపోతాయి.

టైగర్ ఉడ్స్ గురించి మీకు కొత్తగా చెప్పేదేం లేదు. 1997లో, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, అతను మాస్టర్స్ టోర్నీని పన్నెండు దెబ్బల తేడాతో గెలిచాడని పేపర్లో వచ్చింది. అప్పుడు మా ఊళ్ళో టైగర్ అంటే టైగర్ రొయ్యే. తెల్లమచ్చ రోగమొచ్చి గుంటలు ఖాళీ అయిన రోజులవి. టైగర్ గెలిచిందని చదివి వినిపిస్తే మా నాన్న, "ఎవురి గుంటలోరా?" అన్నాడు.

మళ్ళీ 2019 ఏప్రిల్లో, నలభై మూడేళ్ళకి, నడుముకి ఆపరేషన్లు అయినాక అదే మాస్టర్స్ గెలిచాడు. మనం ఓట్లేసి మూడు రోజులైంది. ఊరంతా ఎవరికి ఎన్ని సీట్లని పందేలు కాస్తుంటే నేను గట్టు మీద ఒక్కడినే చప్పట్లు కొట్టాను. ఆ రోజు వాన భయంతో ఆట తొందరగా మొదలెట్టారు కాబట్టి మనకి అర్ధరాత్రికే అయిపోయింది.

కానీ టైగర్ గెలుస్తుంటే చూడటం తేలిక. నేను చెప్పదలుచుకున్నది వేరు. క్రికెట్లో మనకి జట్టు ఉంటుంది. సగం రోజులు గెలుస్తుంది, సగం రోజులు ఓడుతుంది, మన బీపీ కూడా దాన్నిబట్టే. అమెరికా ఓపెన్ లాంటి గోల్ఫ్ టోర్నీలో 156 మంది దిగుతారు. ఒక్కడు గెలుస్తాడు, నూటయాభై అయిదు మంది ఓడిపోతారు. కాబట్టి గెలుపు కోసం చూసేవాడు ఈ ఆట ఎక్కువకాలం చూడలేడు. ఒక మనిషిని పట్టుకోవాలి. వాడి వెంట నడవాలి. వాడు ముప్ఫై తొమ్మిదో స్థానంలో ఉన్నా సరే, వాడి నాలుగు రోజులూ మనవి.

నేను పట్టుకున్నది సాహిత్ తీగల. ఇంటిపేరు వినగానే మనవాడని తెలుస్తుంది, తల్లిదండ్రులు హైదరాబాదువాళ్ళు. పుట్టింది, పెరిగింది కాలిఫోర్నియాలో. గ్రంథాలయ సభలో సాహిత్ అనే పేరు చెప్పడానికి నాకు మొహమాటం కూడా లేదు. వెన్నెముక కొంచెం వంకర ఉన్న పిల్లాడు, అందుకే అతని కర్ర ఊపు పుస్తకంలో బొమ్మలాగా ఉండదు. కానీ బంతి చెట్ల కింద పడ్డా, ఇసకలో పడ్డా ఏదో ఒక దారి వెతుక్కుని బయటికొస్తాడు. ఆ దారి వెతుక్కోవడం చూడటానికే నేను మేల్కొని ఉంటాను.

2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్‌లో ఆఖరి రోజు, పదిహేడో హోల్ దగ్గరికి వచ్చేసరికి గెలిచేలా ఉన్నాడు. కొట్టిన దెబ్బ బాగానే ఉంది. బంతి నేల మీద పడి, ఎడమకి ఎగిరి, దొర్లుకుంటూ నీళ్ళలోకి పోయింది. సమానంగా నిలిచినవాళ్ళు మళ్ళీ ఆడి తేల్చుకునే ప్లేఆఫ్ ఒక్క దెబ్బ తేడాతో పోయింది. తర్వాత అమ్మానాన్నల్ని పట్టుకుని ఏడ్చాడు. గుంట గట్టు మీద నాకూ గొంతు పట్టుకుంది. ఆ జూన్‌లోనే ఇంకో టోర్నీలో ఆఖరి హోల్‌కి ముందంజలో ఉండి, ఇసకలో ఇరుక్కుని రెండు దెబ్బలు పోగొట్టుకున్నాడు. మా మేనల్లుడు, "మామా, నువ్వు చూడబట్టే ఓడిపోతున్నాడు, ఒక వారం మానెయ్" అన్నాడు. మానేశాను కూడా. తర్వాతి టోర్నీ గెలవలేదు. కాబట్టి తప్పు నాది కాదని తేలింది.

2023 సెప్టెంబర్లో నాపా అనే ఊళ్ళో జరిగిన టోర్నీలో గెలిచాడు. అక్కడ ఆదివారం సాయంత్రం, మనకి సోమవారం పొద్దున. ఆ రోజు వినాయక చవితి. ఇంట్లో మా ఆవిడ, "ఏమండీ, పత్రి తెచ్చారా?" అని కేకేస్తోంది. నేను ఒక చేతిలో ఉమ్మెత్తాకు, ఒక చేతిలో ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆఖరి పట్, అంటే బంతిని గుంతలోకి దొర్లించే దెబ్బ, పడగానే వాళ్ళ కుటుంబమంతా గ్రీన్ మీదికి, అదే గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక మీదికి, వచ్చేసింది. విఘ్నాలు తొలగిపోయాయని మా ఆవిడే అంది, ఆట సంగతి ఏమీ తెలియకుండానే.

అతని గురించి ఇంకో సంగతి. 2024లో అట్లాంటాలో సీజన్ చివరి టోర్నీ. మన దగ్గర బుడమేరు పొంగి విజయవాడ మునిగిన రోజులవి, టీవీ నిండా పడవలు. శనివారం ఆటలో మూడో హోల్ దగ్గర సాహిత్ బంతి ఇసకలో పడింది. ఇసకలో ఉన్న బంతిని కొట్టేముందు కర్ర వెనక్కి తీసేటప్పుడు ఇసకని తాకకూడదని రూలు. తాకిందని ఇతనికే అనిపించింది. ఎంత తాకింది? నాలుగైదు రేణువులు కదిలాయేమో. రిఫరీని పిలిచి తనే చెప్పాడు. రెండు దెబ్బలు జరిమానా పడ్డాయి. చివరికి మూడో స్థానంలో నిలిచాడు, రెండో స్థానానికీ అతనికీ తేడా ఆ రెండు దెబ్బలే. రెండో బహుమతి కోటీ ఇరవై అయిదు లక్షల డాలర్లు, మూడోది డెబ్భై అయిదు లక్షలు.

నేను ఈ కథ పట్టుబడి రోజున, అంటే గుంటలో రొయ్యలు పట్టే రోజున, గట్టు మీద చెప్పాను. కాటా దగ్గర కూర్చున్న కొనుబడిదారు మనిషి అంతా విని, "ఎవురూ చూడలేదు గదా?" అని అడిగాడు. ఆయనే అంతకుముందు ఏడాది ట్రే బరువు కింద నా దగ్గర కిలోలకి కిలోలు తరుగు తీసినవాడు. పేరు వద్దులెండి, ఈ సభలో వాళ్ళ బంధువులు ఉండొచ్చు.

అదితీ అశోక్ సంగతి కూడా పట్టుబడి రోజుదే. 2021 ఆగస్టు 7, శనివారం. టోక్యో ఒలింపిక్స్ ఆడవాళ్ళ గోల్ఫ్ ఆఖరి రౌండు. బెంగళూరు అమ్మాయి, ప్రపంచ ర్యాంకుల్లో 200వ స్థానం, మూడు రోజులు అయ్యేసరికి రెండో స్థానంలో ఉంది. సంచి మోసిన క్యాడీ వాళ్ళమ్మే. మా గుంటలో వల లాగుతున్నారు. ఐసు పెట్టెలు, బురద, కౌంట్ దగ్గర గొడవ, మధ్యలో నా ఫోన్ ఒక కొయ్యకి ఆనించి పెట్టాను. మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఇండియా అమ్మాయికి మెడల్ వచ్చేలా ఉందని తెలిసేసరికి వల లాగేవాళ్ళు కూడా తలలు తిప్పి చూడటం మొదలెట్టారు. ఇంకో రెండు హోల్స్ ఉండగా ఉరుములు, మెరుపులు. ఆట ఆపేశారు. ఆట రద్దయితే మెడల్ మనదేనా అని లారీ డ్రైవర్ అడిగాడు. అక్కడ వాన తగ్గకూడదని ఇక్కడ పదిమంది కోరుకున్నారు. రొయ్యల రైతు వాన కోసం మొక్కుకున్న రోజు నా జీవితంలో అదొక్కటే.

వాన తగ్గింది. పద్దెనిమిదో హోల్ మీద దూరం నుంచి ఒక బర్డీ పట్ కొట్టింది. పడలేదు. పార్ కంటే పదిహేను తక్కువ, అంటే పదిహేను అండర్‌తో ఆమె ముగించింది. న్యూజిలాండ్ లిడియా కో, జపాన్ అమ్మాయి మోనే ఇనామీ పదహారుతో ముగించి వెండి కోసం ప్లేఆఫ్ ఆడుకున్నారు, బంగారం నెల్లీ కోర్డాకి పోయింది. ఒక్క దెబ్బ. "నాలుగోదానికి ఏమిస్తారన్నా?" అన్నాడు డ్రైవర్. ఏమీ ఇవ్వరన్నాను. ఆ సాయంత్రం నీరజ్ చోప్రా బల్లెం విసిరి బంగారం తెచ్చాడు, దేశమంతా అటు తిరిగింది. అందులో తప్పేం లేదు. కానీ ఆ వాన ఆగిన అరగంట నాకు బంగారం కంటే ఎక్కువ గుర్తుంది.

ఇదంతా ఫోన్లో. ఒకసారైనా కాళ్ళతో నడిచి చూడాలని కోరిక. గోల్కొండ కోట నయా ఖిల్లాలో గోల్ఫ్ మైదానం ఉంది, అక్కడ మన దేశపు ప్రొఫెషనల్ టూర్ టోర్నీ జరుగుతుంటే ఒకసారి మేనల్లుడితో కలిసి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. తెలిసినాయన ద్వారా లోపలికి పోయాం. కోట గోడల మధ్య పచ్చిక. ఒకవైపు హాతియాన్ కా ఝాడ్ అని ఆ ఏనుగంత బావొబాబ్ చెట్టు. జనం లేరు. తాళ్ళు కట్టలేదు. ఆటగాడికి పది గజాల దూరంలో నడవొచ్చు.

పేరున్నవాళ్ళ వెంట కొంతమంది ఉన్నారు. మేము ఒక కుర్రాడి వెంట పడ్డాం. ఇరవై రెండేళ్ళుంటాయి, మొదటి రోజు 74 కొట్టాడు. ఆ రెండో రోజు కట్ గండం. రెండు రౌండ్లు అయ్యాక పైన ఉన్న కొంతమందే మిగతా రెండు రోజులు ఆడతారు, మిగిలినవాళ్ళు ఇంటికి. ఇంటికి పోయినవాళ్ళకి డబ్బు ఒక్క రూపాయి రాదు, రైలు ఖర్చు, హోటల్ ఖర్చు చేతివే. పంట పోయిన రైతుకీ వాడికీ తేడా ఏముంది చెప్పండి.

వెంట నడవడంలో ఒక కిటుకు ఉంది. బంతి దగ్గరే నిలబడకూడదు. అతను కొట్టేలోపు మనం ముందుకు పోయి గ్రీన్ వెనక నిలబడితే బంతి మనవైపు వస్తుంది. అతను కర్ర పట్టుకుని నిలబడ్డాక చెప్పు కూడా కదపకూడదు. మనం చూస్తున్న మనిషి పట్ వేసేయగానే వెళ్ళిపోతే పక్కవాడి ఆట చెడుతుంది, వాడిదీ అయ్యేదాకా ఆగాలి. మా మేనల్లుడి ఫోన్ ఒకసారి మోగింది. ఆ కుర్రాడు కర్ర దించి, మావైపు చూసి, మళ్ళీ మొదట్నుంచి తయారయ్యాడు. అప్పుడు నాకు భూమిలోకి పోవాలనిపించింది.

మొత్తం చూసేవాళ్ళం నలుగురం. మేమిద్దరం, ఒక తోటమాలి, ఇంకా టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన. ఆయన కుర్రాడి వైపు ఎప్పుడూ నేరుగా చూడడు, చెట్టు వెనకో గోడ పక్కనో ఉంటాడు. పద్నాలుగో హోల్ దగ్గర తెలిసింది, తండ్రి అని. దగ్గరుంటే కొడుక్కి టెన్షన్ అని దూరంగా నడుస్తున్నాడు. మంచినీళ్ళ సీసా ఇస్తే తీసుకుని, తాగకుండా చేతిలోనే పట్టుకుని మిగతా నాలుగు హోల్స్ నడిచాడు.

ఆఖరి గ్రీన్ మీద ఆరడుగుల పట్. పడితే ఉంటాడు. కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని వాలు చూశాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. కొట్టాడు. బంతి గుంత అంచు చుట్టూ సగం తిరిగి బయటే ఆగింది. టోపీ తీసి పక్క ఆటగాళ్ళతో చేతులు కలిపాడు. తర్వాత బెంచీ మీద కూర్చుని జేబులు ఖాళీ చేశాడు. బంతిని నిలబెట్టే చెక్క టీలు, ఒక రూపాయి బిళ్ళ, చిటికెనవేలు దగ్గర చిరిగిన గ్లవ్. మా మేనల్లుణ్ణి పిలిచి బంతి ఇచ్చాడు. తండ్రి అప్పుడు దగ్గరికొచ్చి సంచి భుజానేసుకున్నాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ కుర్రాడి పేరు ఇప్పటికీ ప్రతి టోర్నీలో వెతుకుతాను. పోయిన ఏడాది రెండుసార్లు కట్ దాటాడు. మా ఇంట్లో ఆ రోజుల్లో పాయసం ఎందుకు చేయమన్నానో మా ఆవిడకి ఇవాళే తెలుస్తుంది, ఆమె రెండో వరసలో కూర్చుని ఉంది.

బంతి తెచ్చాను, కావాలంటే చేతులు మార్చుకుని చూడండి. మేనల్లుడు లెక్క పెట్టుకుని ఇచ్చాడు, జాగ్రత్త. ప్రశ్నలుంటే ఒకటీ రెండూ అడగండి. తొమ్మిదింటికల్లా నేను గుంట కాడ ఉండాలి, ఒక మోటారు మరమ్మతుకి పోయింది, ఇంకొకటి దగ్గుతోంది.