పిల్లల లెక్క చొప్పున

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. కోత పండుగ పూట కరువు మాట ఎందుకని అనుకోకండి. గింజలు కళ్ల ముందు ఉన్నప్పుడే ఆ మాట చెప్పుకోవాలి. ఐగుప్తులో (ఈజిప్టులో) ధాన్యం చూసే అధికారిగా యోసేపు కూడా, కరువుకు ముందు బాగా పండిన ఏడేళ్లలోనే పంటలో ఐదో వంతు తీసి దాచిపెట్టాడు.

ఆదికాండంలో ఆయన కథ చదివినప్పుడల్లా నాకు మా అమ్మానాన్నలే గుర్తొస్తారు. నా చిన్నప్పుడు వాళ్లు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయికి బిల్డింగు పనికి పోయారు. మా ముగ్గురు పిల్లలనూ నాయనమ్మ దగ్గర వదిలారు. యోసేపును మాత్రం సొంత అన్నలే అమ్మేశారు. అప్పటికి ఆయనకు 17 ఏళ్లు. ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడేనాటికి 30. ఆ మధ్య 13 ఏళ్లూ బానిసతనం, జైలు. రేపటి తమ తిండి ఆ జైల్లోంచే రాబోతోందని కనానులో ఉన్న తండ్రి యాకోబుకు ఏం తెలుసు?

కరువు రెండో ఏట అన్నలు ఎదురైతే, మీ ప్రాణాలు నిలపడానికి దేవుడే నన్ను ముందుగా పంపించాడని అన్నాడు యోసేపు. ఈ మాట చూపించి పాలమూరు వలసలు కూడా దేవుడి చిత్తమేనని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పక్కనే కృష్ణమ్మ పారుతుంటే ఊళ్లకు ఊళ్లు బస్సెక్కడం మనుషులు చేసిన అన్యాయం. అన్నలు చేసింది కూడా పాపమే. ఆ పాపం మధ్యలోంచి కూడా దేవుడు ఆ ఇంటికి అన్నం పెట్టాడు.

నన్ను పట్టుకున్న వాక్యం ఇంకొంచెం ముందుకెళ్తే వస్తుంది, 47వ అధ్యాయం 12వ వచనం. ఐగుప్తుకు వచ్చిన యాకోబు ఇంటివాళ్లు 70 మంది. యోసేపు వాళ్లకు ఆహారం ఎలా ఇచ్చాడు? పిల్లల లెక్క చొప్పున. దేశం మొత్తం గిడ్డంగుల తాళాలు చేతిలో ఉన్న మనిషి, ఏ అన్న ఇంట్లో ఎంతమంది పసివాళ్లున్నారో లెక్క చూసుకున్నాడు. తనను అమ్మిన అన్న పిల్లలనూ ఆ లెక్కలో కలిపాడు.

మా నాయనమ్మకు చదువు రాదు. మనియార్డర్ ఆలస్యమైన నెలల్లో సోలెడు జొన్నలు విసిరి గట్క వండేది. గిన్నె దించగానే మమ్మల్ని వేలు పెట్టి లెక్కపెట్టేది, ఉన్నది ముగ్గురమే అయినా. మాకు పెట్టాక అడుగున నీళ్లు పోసి కలుపుకుని తాగేది. "నీకేది నాయనమ్మా?" అంటే, "నాకు దేవుడు పెడ్తడు బిడ్డా" అనేది. పెద్దయ్యాక గానీ నాకు తెలియలేదు, ఆ లెక్కలో తనను తాను వేసుకోలేదని.

ఇప్పుడు రేషన్‌లో తలకు ఆరు కిలోల బియ్యం వస్తున్నాయి. మంచిదే. కానీ కార్డులో పేరు ఎక్కని పసివాడున్నాడు. కొడుకులు పూణెలో ఉంటే, వేలిముద్ర పడక షాపు నుంచి ఖాళీ సంచితో తిరిగొచ్చే ముసలమ్మ ఉంది. వాళ్లూ తినాలి కదా!

ఈ రోజు మీరు తెచ్చిన వడ్లు, జొన్నలు, కందులు ఈ ఊళ్లోనే ఉంటాయి. వేలం వేయకుండా అవసరమున్న ఇళ్లకే చేరుద్దామని సంఘ పెద్దలను అడిగాను, ఒప్పుకున్నారు. ప్రార్థన అయ్యాక నేను తలుపు దగ్గర నోటుబుక్కుతో కూర్చుంటాను. మీ వాడకట్టులో పిల్లలను చూసుకుంటూ ఒంటరిగా ఉన్న ముసలివాళ్ల పేర్లు చెప్పండి. వాళ్లు మన సంఘంవాళ్లు కాకపోయినా చెప్పండి. ఇంట్లో ఎంతమంది పిల్లలో కూడా చెప్పండి, ఆ ముసలివాళ్లను కూడా లెక్కలో వేసి.