అప్పగింతలు: మా 1975 పద్మిని చివరి రివ్యూ

ఒక్క అర నిమిషం నేను మాట్లాడను. బండి శబ్దం వినండి. హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి.

విన్నారా? రాత్రంతా షెడ్డులో చల్లబడిన ఇంజిన్ ఇది. ఛోక్ సగం లాగి సెల్ఫ్ రెండుసార్లు కొడితే అందుకుంది. మొదట కాసేపు గొంతు బొంగురుగా ఉంటుంది. తర్వాత రెండు కార్బొరేటర్లూ ఒకే తాళంలోకి వస్తాయి. ముప్పై రెండేళ్లుగా మేం ఎక్కడుంటే ఆ వీధి ఈ శబ్దంతోనే లేచింది. రేపటి నుంచి వినబడదు.

నమస్కారం అండి. చిత్తూరు నుంచి మాట్లాడుతున్నాను. ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల బళ్లన్నీ రివ్యూ చేశాను గానీ నా బండి జోలికి ఎప్పుడూ వెళ్లలేదు. ఇవాళ చేస్తున్నాను, ఎందుకంటే ఇవాళే దీన్ని ఇంకొకరి చేతిలో పెడుతున్నాను. తీసుకుంటున్న అమ్మాయి కూడా ఈ వీడియో చూస్తుంది. అందుకని గొప్పల కంటే లోపాలే ఎక్కువ చెబుతాను.

బండి 1975 ప్రీమియర్ పద్మిని. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు నలభై చిల్లర హార్స్‌పవర్, అంతే. అప్పట్లో డాక్టరు గారి ఇంటి ముందు, కాంట్రాక్టరు గారి ఇంటి ముందు ఉండే మర్యాదస్తురాలైన కారు. మాది మాత్రం అలా పెరగలేదు. మద్రాసు పక్కన షోళవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత రన్‌వే మీద కార్ల రేసులు జరిగేవి, మీలో పెద్దవాళ్లకు గుర్తుండాలి. ఫియట్లు అక్కడ గట్టిగా పరిగెత్తేవి, మన పద్మిని కూడా ఫియట్ డిజైనే కదా. ఆ రేసు బళ్ల మీద చేయి తిరిగిన ఒక మేస్త్రి దీన్ని తన కోసం తయారు చేసుకున్నాడు. హెడ్, అంటే సిలిండర్ల పై మూత, తరిగించాడు, పోర్టులు, అంటే గాలి, పొగ వెళ్లే దారులు, నున్నగా చేశాడు, ఒక కార్బొరేటర్ ఉన్న చోట రెండు పెట్టాడు, స్టీరింగ్ పక్కన ఉండే గేర్ రాడ్డును కిందికి దించాడు. 1993లో ఆయన దగ్గర కొని రాణిపేట మీదుగా నడుపుకుంటూ తెచ్చాను. దారిలో ఒక్కచోట కూడా ఆపాలనిపించలేదు.

అమెరికాలో ఇలాంటి బళ్లను హాట్ రాడ్ అంటారు. 1932లో ఫోర్డ్ కంపెనీ వి8 ఇంజిన్‌ను మామూలు జనానికి అందే ధరలో ఇచ్చింది. కుర్రాళ్లు పాత ఫోర్డులు కొని, మడ్‌గార్డులు పీకి, బరువు తగ్గించి, కాలిఫోర్నియాలో ఎండిపోయిన సరస్సుల నేల మీద వేగం చూసుకునేవాళ్లు. అలాంటి బండి ఒకరి నుంచి ఒకరికి మారినప్పుడు కొందరు తమను ఓనర్ అనుకోరు, కేర్‌టేకర్ అంటారు. మన మాటలో చెప్పాలంటే, కొన్నాళ్లు చూసుకునే మనిషి. నాకు ఆ మాట బాగా నచ్చింది. ఇంతకాలం నేను చేసింది కూడా అదే.

సరే, రోడ్డెక్కుదాం. నిన్న బంగారుపాళెం దాటి మొగిలి ఘాట్ ఎక్కాను, ఆ షాట్లే ఇవి. థర్డ్‌లో లాగడం చూడండి, యాభై ఏళ్ల బండి అనిపించదు. కానీ ముందు లారీ ఉండి ఫస్ట్‌కి దిగాల్సి వస్తే జాగ్రత్త. ఫస్ట్ గేర్‌కి సింక్రో, అంటే గేరు మెత్తగా పడేలా చేసే ఏర్పాటు, లేదు. బండి దాదాపు ఆగితే గానీ పడదు, బలవంతం చేస్తే పళ్లు కొరుకుతుంది. బ్రేకులు నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఆనించి కూర్చుంటే వేడెక్కి పట్టు తప్పుతాయి. ఏ గేర్లో ఎక్కామో ఆ గేర్లోనే దిగాలి. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. లీటరుకి తొమ్మిది కిలోమీటర్లు, అదీ నేను నడిపితే. వెనక కమాన్ కట్టలు పోయినేడే వేయించాను కాబట్టి ఆ దిగులు లేదు.

అసలు సంగతి ఎండ. ఏప్రిల్, మేలో మన చిత్తూరు ఎండకి, ఇంజిన్‌కి పెట్రోలు అందించే చిన్న పంపులోనే పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు ఇంజిన్‌కి అతుక్కుని ఉంటుంది కదా, ఇంజిన్ వేడంతా దానికే. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. కొత్తవాళ్లు బ్యాటరీ అయిపోయేదాకా సెల్ఫ్ కొడతారు. కొట్టొద్దు. బానెట్ ఎత్తి, నూలు తుండుగుడ్డ తడిపి, పిండకుండా పంపు చుట్టూ చుట్టి పది నిమిషాలు చెట్టు కింద కూర్చోవాలి. ఇదిగో, ఇలా, పైపు దగ్గర మొదలుపెట్టి కిందికి. గుడ్డలోంచి ఆవిరి లేవడం ఆగిందంటే పంపు చల్లబడినట్టు. ఆ తర్వాత ఒక్క సెల్ఫ్ చాలు. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు పైపులు దానికి ఉబ్బి పగులుతాయి. పైపులన్నీ మార్చాను, పంపులో డయాఫ్రమ్ కూడా. ఎక్కువ రోజులు నిలబెట్టాల్సి వస్తే కార్బొరేటర్లలో పెట్రోలు ఉంచకూడదు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పాత మోడిఫై బండి కొని ఏడ్చినవాళ్లను చూశాను. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో కలుస్తున్నాయో లేదో టార్చ్ వేసి మీ కళ్లతో చూడండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇంకోటి, 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. బండికి 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. అయితే రోజూ తిప్పుకోవడానికి వీల్లేదు.

ఇదిగో ఈ చెక్కపెట్టె ఇందుకే. అసలు హెడ్ ఇందులో ఉంది, మేస్త్రి తరిగించింది వేరే హెడ్. అసలు సోలెక్స్ కార్బొరేటర్, దాని మ్యానిఫోల్డ్, స్టీరింగ్ గేర్ రాడ్డు, ఆఖరికి ఎయిర్‌ఫిల్టర్ డబ్బా కూడా గ్రీజు రాసి కాగితంలో చుట్టి దాచాను. ముప్పై రెండేళ్లలో ఇల్లు రెండుసార్లు మారాం, పెట్టె మాత్రం మాతోనే వచ్చింది. దీన్ని కంపెనీ బండిగా మార్చి వింటేజ్‌కి వెళ్లాలా, మేస్త్రి బండిగానే ఉంచి దానికి తగ్గ అనుమతులు చూసుకోవాలా, అది ఇకపై ఆ అమ్మాయి ఇష్టం. నా పని ఆ రెండు దారులూ తెరిచి ఉంచడం.

ఎందుకు ఇచ్చేస్తున్నానని అడుగుతున్నారు. కుడి భుజం లేవడం లేదు. ఈ స్టీరింగ్‌ని నిలబడ్డ చోట తిప్పాలంటే భుజబలం కావాలి. మా అబ్బాయి బెంగళూరులో అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు, ఒకటే పార్కింగ్. వాడికి ఇష్టం లేక కాదు, చోటు లేక. నిలబెట్టి ఉంచితే ఈ బండి రెండేళ్లలో చచ్చిపోతుంది. సీళ్లు ఎండుతాయి, ట్యాంకులో తుప్పు పడుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి.

చాలామంది వచ్చారు. ఒకాయన రిసార్ట్ గేటు దగ్గర అందానికి నిలబెడతానన్నాడు. ఇప్పుడు వచ్చిన దానికి దాదాపు రెట్టింపు ఇస్తానన్నాడు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు, అబద్ధం ఎందుకు. ఆ మూడో రోజు పలమనేరు నుంచి ఈ అమ్మాయి వచ్చింది. ఆటోమొబైల్ డిప్లొమా చేసింది, వాళ్ల నాన్నకి లేత్ షాపు. గేటు తీసుకుని లోపలికి వచ్చి, నమస్కారం కూడా పెట్టకముందే బానెట్ మీద అరచేయి ఆనించింది. అలాగే కాసేపు ఉంచింది. తర్వాత నా వైపు తిరిగి, "చల్లగానే ఉంది అంకుల్, ఇప్పుడు స్టార్ట్ చేయండి" అంది.

అమ్మేవాడు ముందే వేడి చేసి పెడితే ఇంజిన్ రోగాలు దాగుతాయి. అది తెలిసిన పిల్ల. నేను సెల్ఫ్ కొట్టాను. ఆమె మాట్లాడకుండా వెనక్కి వెళ్లి సైలెన్సర్ దగ్గర కూర్చుని పొగ రంగు చూసింది. లేచి వచ్చి, "రెండో సిలిండర్ టాపెట్ కొంచెం వదులుగా ఉందేమో" అంది. ఉంది. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. ధర ఆ తర్వాత ఎప్పుడో మాట్లాడుకున్నాం.

పొద్దున కాణిపాకం వెళ్లాం. స్వామి ముందు కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టాను. అమ్మినట్టు 14 రోజుల్లోగా నేను ఆర్టీఏకి తెలపాలి. ఇన్సూరెన్స్ తన పేరు మీదికి మార్చుకోవడానికి తనకీ 14 రోజులే గడువు. తాళంతో పాటు మూడు నోట్‌బుక్‌లు ఇచ్చాను. 1993 నుంచి మార్చిన ప్రతి ఆయిలూ, ప్రతి ప్లగ్గూ వాటిలో ఉన్నాయి. మొదటి దాంట్లో మేస్త్రి చేతిరాత తమిళంలో నాలుగు పేజీలు ఉంది, వాళ్ల నాన్నకి తమిళం వచ్చట.

"పాపా, వారానికి ఒక్కసారైనా పది కిలోమీటర్లు తిప్పు" అన్నాను. "నెలకోసారి తెచ్చి మీకు వినిపిస్తాను అంకుల్" అంది. నిమ్మకాయలు నలుపుకుంటూ బండి కదిలింది. సెకండ్ వేసినప్పుడు నా చేయి దానంతట అదే కదిలింది. పలమనేరు రోడ్డు వైపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను.

ఈ భాగం ఇంటికొచ్చాక, ఖాళీ షెడ్డులో తీస్తున్నాను. ఇప్పుడే తన ఫోన్ వచ్చింది. మొగిలి ఘాట్ ఎక్కుతుంటే బండి రెండుసార్లు దగ్గి ఆగిందట. నాకు గుండె జారింది. తుండుగుడ్డ డోర్ పాకెట్‌లో పెట్టాననుకున్నాను, చూస్తే నా భుజం మీదే ఉంది.

"పర్లేదు అంకుల్, చున్నీ తడిపి చుట్టాను. ఇంకో ఐదు నిమిషాలు కూర్చుంటే సరిపోతుంది కదా?" అని అడుగుతోంది.